శనిగ్రహం కింద ఎవరి పేరు?

పుదుచ్చేరిలో నెల్లితోపు మార్కెట్ వెనక వీధిలో, మేడ మీది వాటాలో నుంచి "అత్తా! అత్తా! ఇట్లా రా!" అని లోకేశ్వరి కేకపెట్టేసరికి, కింద వసారాలో బియ్యం చెరుగుతున్న మీనాంబాళ్ చేట అక్కడే పడేసి పరుగున మెట్లెక్కింది. ఇంట్లో ఏడాదిన్నర పిల్ల ఉంది. చినుకు పడితే చాలు, దాని ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. ఆ ఇంట్లో కేక వినపడిందంటే పిల్లకు ఊపిరాడటం లేదనే లెక్క.

తీరా పైకొచ్చి చూస్తే ఆర్తి ఉయ్యాల్లో వేలు చీకుతూ హాయిగా ఉంది. కోడలు కంప్యూటరు ముందు నిలబడి, రెండు చేతులూ తలమీద పెట్టుకుని నవ్వుతోంది.

"ఏందిమే, పై ప్రాణం పైనే పోయింది! పిల్లకేమయ్యింది?"

"పిల్లకేం కాలేదత్తా. శని!"

"పొద్దున్నే ఆ పేరెందుకు తలుస్తావు?" అని మీనాంబాళ్ లెంపలు వేసుకుంది. అంతలో ఆమె చూపు తెర మీద పడింది. కొంగుతో చెమట తుడుచుకుంటూ దగ్గరికి జరిగింది.

నల్లటి ఆకాశంలో తేనెరంగు గోళం. దాని నడుముకు అడ్డంగా వెండితీగలా వలయం. గోళం మీద ఆ వలయం నీడ దారప్పోగంత సన్నగా గీసినట్టుంది. ఎడమ పక్కన చిన్న చందమామ ఒకటి, ముత్యమంత. అది రెండువేల తొమ్మిదో సంవత్సరం. ఆ ఆగస్టులోనే సూర్యుడు శనివలయాలకు సరిగ్గా అంచు మీదికి వచ్చాడు. పదిహేనేళ్లకోమారు జరిగే వింత అది. శని చుట్టూ తిరుగుతున్న కాసిని అనే అంతరిక్షనౌక ఆ వింతనంతా ఫోటోలు తీసి భూమికి పంపుతోంది.

"అబ్బా, ఎంత బాగుండాది! ఎవరు చేసినారు?" అంది మీనాంబాళ్.

లోకేశ్వరి నవ్వు ఆగిపోయింది. "అదే తెలీదత్తా. పేరు లేదు."

ఆ బొమ్మ స్నేహితురాలు పంపిన మెయిల్‌లో వచ్చింది. ఆమెకు ఇంకెవరో పంపారు, వాళ్లకు మరెవరో. ఇన్ని చేతులు మారేసరికి పేరుండే మూలలు ఎవరో కత్తిరించేశారు.

లోకేశ్వరి భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, ఇంటికి దగ్గర్లోని బళ్లో పాఠాలు చెప్పేది. ఆర్తి పుట్టాక మానేసింది. మొదటి వానాకాలం పిల్లను ఆసుపత్రిలో పెట్టాల్సి వచ్చినప్పటి నుంచి ఆమె చెవి ఎప్పుడూ పిల్ల గుండెల మీదే ఉండేది. వంట చేస్తున్నా, బట్టలు ఆరేస్తున్నా, మధ్యలో వచ్చి ఒంగి వినిపోయేది. వీధిలో ఆమెను ఇప్పుడందరూ 'ఆర్తి అమ్మ' అనేవాళ్లు. ఆ ఏడు ప్రపంచమంతా ఖగోళ సంవత్సరం జరుపుకుంటోందని, బళ్లో అంతరిక్షం బొమ్మల ప్రదర్శన పెడదామని, బొమ్మలు నువ్వే ఏరాలని హెడ్మాస్టరు రఘునాథన్ స్వయంగా ఇంటికొచ్చి అడిగినప్పుడు ఆమెకు రెక్కలొచ్చినట్టయింది.

రఘునాథన్ పనులు చురుగ్గా తెమిల్చే మనిషి. "బొమ్మలన్నిటికీ కలిపి కింద 'ఇంటర్నెట్ నుంచి సేకరించినవి' అని ఒక ముక్క పెట్టేయమ్మా, సరిపోతుంది" అన్నారు.

సరిపోదని లోకేశ్వరికి తెలుసు, ఎందుకంటే అలాంటి బొమ్మ చేసే పని తనూ చేసి చూసింది. నౌకలోని కెమెరా తీసేవన్నీ నలుపు తెలుపు ఫోటోలే. ఎరుపు అద్దం అడ్డంపెట్టి ఒకటి, పచ్చ అద్దంతో ఒకటి, నీలం అద్దంతో ఒకటి తీసి, తీసినవి తీసినట్టే అందరికీ అందుబాటులో పెడతారు. ఆ మూడింటినీ ఇంట్లో కంప్యూటరు మీద కలిపితే రంగు పుడుతుంది. వినడానికి తేలికే. కానీ ఒక ఫోటోకీ ఇంకో ఫోటోకీ మధ్య నౌక జరుగుతుంది, చందమామలూ జరుగుతాయి. లోకేశ్వరి కలిపినప్పుడు ఒక చందమామ కాస్తా మూడై, ఎర్రటిదొకటి, పచ్చటిదొకటి, నీలిదొకటి, తిరనాళ్లలో బుడగల్లా వరసగా తేలాయి. ఈ బొమ్మలోనేమో ముత్యం ముత్యంలానే ఉంది. ఎవరో కూర్చుని, ఓపికగా, చందమామను చందమామ చేశారు. ఆ మనిషి పేరు లేకుండా బొమ్మను గోడకెక్కించడమంటే ఆమెకు మనసొప్పలేదు.

"ఇప్పుడు యాడని ఎతుకుతావు?" అంది మీనాంబాళ్. మళ్లీ తనే, "మన వీధిలో ముగ్గు చూస్తే ఎవరి చెయ్యో నేను చెప్పనా? శివగామి పెట్టిందా, ఆళ్ల కోడలు పెట్టిందా, మెలి తిప్పిన తీరులోనే తెలిసిపోదూ? దీనిక్కూడా అట్లా తెలిసినోళ్లు ఉండరా?" అంది.

లోకేశ్వరి అత్తగారిని కౌగిలించుకున్నంత పని చేసింది.

ఇలాంటి బొమ్మలు చేసేవాళ్లంతా చేరి మాట్లాడుకునే చర్చావేదిక ఒకటి ఇంటర్నెట్‌లో ఉంది. ఆమె చాటుగా చదివేదే గానీ ఎప్పుడూ నోరు విప్పలేదు. ఆ రోజు ధైర్యం చేసి బొమ్మ పెట్టి, 'ఇది ఎవరి చెయ్యి? పుదుచ్చేరిలో పిల్లలకు చూపించాలి, పేరు కావాలి' అని రాసింది. పిల్లకు గంజి తాగించి వచ్చేసరికి జవాబులు వరసకట్టాయి. ఒకరు వలయం మెరుపు గురించి రాశారు, ఒకరు రంగుల గురించి. వాదులాడుకున్నారు కూడా. చివరికి కెనడా నుంచి ఒకాయన, 'చందమామ అంచు చూడండి. అంత శుభ్రంగా అంచు తీసేది ఒక్క మనిషే' అని ఒక ఫ్రెంచి బ్లాగు చిరునామా ఇచ్చాడు.

అక్కడ ఆ బొమ్మ పూర్తిగా ఉంది, కత్తిరించకుండా. కింద చిన్న అక్షరాల్లో పేరు: సోలాంజ్ ట్రెగాన్.

"దొరికిందత్తా!" అని ఆమె మళ్లీ కేకేస్తే ఈసారి మీనాంబాళ్ కిందినుంచే, "సంతోషం! పప్పు మాడతాండాది, నేను రాను!" అంది.

దొరకడమైతే దొరికింది గానీ జవాబు రాలేదు. లోకేశ్వరి ఇంగ్లీషులో రెండు ఉత్తరాలు రాసింది. ఉలుకూ పలుకూ లేదు. అప్పుడు భర్త గుణశేఖర్, ఆఫీసు నుంచి వచ్చి టీ తాగుతూ, "ఎదురింట్లో సొల్దా తాతను పెట్టుకుని ఊరంతా వెతుకుతావేం?" అన్నాడు.

ఎదురింటి భక్తవత్సలం ఫ్రెంచి సైన్యంలో పనిచేసి పింఛను పుచ్చుకుంటున్న మనిషి. అలాంటివాళ్లను పుదుచ్చేరిలో సొల్దా అంటారు. లోకేశ్వరి వాళ్లలాగే ఆయనదీ తరతరాల కిందట ఇక్కడికొచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబమే. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, కోపం వస్తే ఫ్రెంచి. లోకేశ్వరి వెళ్లి సంగతి చెప్పగానే ఆయన లోపలికెళ్లి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, దువ్వుకుని వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

"తాతా, ఉత్తరానికి చొక్కా ఎందుకు?"

"ఒక దొరసానికి ఉత్తరం రాస్తూ బనీనుతో కూర్చుంటారామ్మా?"

"దొరసానా? ఆడమనిషా!"

"సోలాంజ్ అంటే ఆడపేరు గదా. అది కూడా తెలీకుండా రెండు జాబులు రాసి, సార్, సార్ అన్నావా?"

లోకేశ్వరి నాలుక కరుచుకుంది. నిజంగానే సార్ అని రాసింది.

తాత చెప్పిన ఫ్రెంచి ఉత్తరం ఎంత పొడవైందంటే, మొదటి పేజీ అంతా క్షేమసమాచారాలూ క్షమాపణలే. ఆమె టైపు చేస్తూ పోయింది, ఆయన ఒక్కో వాక్యం చివర కళ్లు మూసుకుని తల ఊపుతూ పోయాడు. మర్నాడు పొద్దున్నే జవాబు వచ్చింది. సోలాంజ్ సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊళ్లో పశువుల డాక్టరట. ఆవులు, గుర్రాలు అయ్యాక శనిగ్రహం చూస్తుందట. ఇంత చక్కటి ఫ్రెంచి తన నాయనమ్మ పోయాక ఎవరూ తనకు రాయలేదట. బొమ్మ సంతోషంగా వాడుకోండి, పెద్దది పంపుతున్నాను అంది. కోరింది ఒక్కటే: 'కత్తిరించకండి. నౌకవాళ్ల పేరు పెట్టండి, పక్కన నా పేరు పెట్టండి. ఈ బొమ్మ నా పేరు లేకుండా లోకమంతా తిరిగింది. మీ ఊళ్లో ఒక్కచోటైనా పేరుతో ఉంటే చాలు.'

'తప్పకుండా' అని లోకేశ్వరి మాటిచ్చింది.

అక్కడి నుంచి ఆమె ఆగలేదు. ప్రతి బొమ్మకూ మనిషిని వెతికింది. ఆస్ట్రేలియాలో పెరటి దూరదర్శినితో గురుగ్రహాన్ని పట్టుకునే ఆయన దొరికాడు. అంగారకుడి మీద తిరిగే బండి తీసిన ఫోటో ముక్కలన్నీ అతికి సూర్యాస్తమయం చేసిన బ్రెజిల్ పిల్లవాడు దొరికాడు. ఒరాయన్ నెబ్యులాను తన డాబా మీదనుంచి తీసిన జపాను టీచరు దొరికింది. ఒక్కో జవాబూ వచ్చినప్పుడల్లా పిల్లను ఎత్తుకుని గది అంతా గిరగిరా తిరిగేది. ఆర్తి కిలకిలా నవ్వేది. నవ్వు ఎక్కువై పిల్లికూత గానీ మొదలవుతుందేమోనని ఠక్కున ఆగి, ఛాతీకి చెవి ఆనించి వినేది.

ప్రదర్శనకు ముందురోజు మధ్యాహ్నం, కంప్యూటర్ అచ్చు షాపు నుంచి పేర్ల చీటీలు వచ్చాయి. పైన అరవంలో, కింద ఇంగ్లీషులో, నీలం అక్షరాలు. లోకేశ్వరి వాటిని చాప మీద పరిచి మురిసిపోతుంటే, ఆ వేళకు కాఫీకి వచ్చిన భక్తవత్సలం కళ్లజోడు పెట్టుకుని ఒకటి చేతికి తీసుకున్నాడు. ఇంకోటి తీసుకున్నాడు. కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు.

"ఏందమ్మా ఇది? టి. సోలాంజ్?"

"అవును తాతా. సోలాంజ్ ట్రెగాన్."

"ట్రెగాన్ యాడ పోయింది మరి?"

"ముందుంది గదా, టీ అని. ఇనిషియల్."

పుదుచ్చేరిలో ఎవరి పేరైనా అంతే. తండ్రి పేరులోని మొదటి అక్షరం ముందు, మన పేరు వెనక. బడి రిజిస్టరులోనైనా, రేషన్ కార్డులోనైనా, పెళ్లిపత్రికలోనైనా. ముందు ఇనిషియల్ లేని పేరు లోకేశ్వరికి జడ వెయ్యని పిల్లలా కనిపిస్తుంది. అందుకే షాపుకు పంపే ముందు కూర్చుని, అంతమంది పేర్లకూ ఒద్దికగా జడలు వేసింది. ఎంత పద్ధతిగా ఉన్నాయో అనుకుంది కూడా.

"అది ఆమె నాయన పేరు కాదమ్మా, ఇంటిపేరు" అన్నాడు తాత. "ఆ దేశంలో మనిషిని పట్టుకునేది దానితోనే. ఇంక ఈ సోలాంజ్ ఎవరో ఎవరికి తెలుస్తుంది? ఆ దేశంలో వీధికొక సోలాంజ్ ఉంటుంది. నన్నడుగు, నేను చెప్తా. నేను పట్టాళంలో చేరిన రోజు ఆ గుమాస్తా నీ ఇంటిపేరేదన్నాడు. లేదన్నా. లేకపోతే ఎట్లా అని మా నాయన పేరు దామోదరన్‌ను తీసి ఆ గడిలో రాసుకున్నాడు. అంతే! సర్వీసంతా నన్ను దామోదరన్, దామోదరన్ అనే పిలిచినారు. బూట్లు తుడవనిది నేను, తిట్లు మా నాయనకి! 'దామోదరన్, సోమరిపోతా!' అని అరుస్తాంటే, పాపం ఆ మహానుభావుడు ఇక్కడ బాహూరు పొలంలో నాట్లేసుకుంటా ఉన్నాడు."

మీనాంబాళ్ కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి, "మనకీ ఇంటిపేర్లుండేవంట గదా అన్నా, మా అవ్వ చెప్తాండేది. యాడ పోయినాయో" అంది.

లోకేశ్వరి నవ్వలేదు. ఒక్కో చీటీ తిప్పి చూసింది. ఆస్ట్రేలియా ఆయన ఇంటిపేరు ఒక్క అక్షరమైపోయింది. బ్రెజిల్ పిల్లవాడి మూడు ముక్కల పేరుకు మూడో ముక్క తప్ప అన్నీ మిగిలాయి. జపాను టీచరు తన పేరును ఇంటిపేరుతోనే మొదలుపెట్టి రాసుకుంది. చివరి ముక్కను ఇనిషియల్ చేసేసరికి ఆమెకు సొంత పేరే పోయింది. పేరు పెడతానని మాటిచ్చి, అందరి పేర్లూ తన చేత్తోనే తుడిచేసింది. రేపు పొద్దున్నే ప్రదర్శన. గోడ మీది బొమ్మను ఫోటో తీసి సోలాంజ్‌కు పంపాలి.

రఘునాథన్‌కు ఫోను చేసింది. ఆయన హాల్లో కుర్చీలు వేయించే హడావుడిలో ఉన్నారు.

"అచ్చయిపోయిన తర్వాత ఇంకేం చేస్తామమ్మా? ఫ్రాన్సు నుంచి వచ్చి ఎవరు చూస్తారు? వదిలేయ్."

"సార్, పదో తరగతి మార్కుల షీటులో ఒక పిల్లకు ఇనిషియల్ తప్పు పడితే వదిలేస్తారా?"

ఆ ఒక్క అక్షరం కోసం ఏటా ఎంతమంది తల్లిదండ్రులు తన గది ముందు కళ్లనీళ్లు పెట్టుకుంటారో, ఎన్నిసార్లు ఆఫీసుల చుట్టూ తిరుగుతారో ఆయనకు తెలుసు.

"మళ్లీ అచ్చుకు టైము లేదు" అన్నారు చివరికి, గొంతు తగ్గించి. "చార్టు పేపరు ఉంది. చేత్తో రాస్తావా?"

"రాస్తాం సార్!"

సాయంత్రానికి నెల్లితోపు ఇల్లు ఇల్లంతా బడి హాల్లో ఉంది. గుణశేఖర్ కత్తెర పట్టుకుని చార్టులు కత్తిరించాడు. భక్తవత్సలం మళ్లీ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, తన చిన్ననాటి ఫ్రెంచి బడి నేర్పిన ఒంపుల రాతతో, ఒక్కో పేరునూ ముగ్గు పెట్టినట్టు రాశాడు. కింద అరవం రాత రఘునాథన్ తీసుకున్నారు. ఎవరిదెట్లా రాయాలన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా లోకేశ్వరి ఒక్కటే మాట చెప్పింది: "వాళ్లు మెయిల్ కింద ఎట్లా సంతకం పెట్టారో అట్లానే. మనం ముందుకీ జరపొద్దు, వెనక్కీ జరపొద్దు."

మధ్యమధ్యలో లోకేశ్వరి వచ్చి, మీనాంబాళ్ చంకలోని పిల్ల ఛాతీకి చెవి పెట్టింది. బయట వాన పట్టుకుంది, గాలి చల్లబడింది.

"ఊరికూరికే చూడకుమే. పిల్ల బాగుండాది, ఎగశ్వాస పడతాండేది నువ్వు!" అని మీనాంబాళ్ ఆమెను బొమ్మల వైపు నెట్టింది.

మర్నాడు తెల్లారేసరికి వాన తెరిపిచ్చింది. జనం వచ్చారు. పిల్లలు, తల్లులు, మార్కెట్లో కూరలమ్మేవాళ్లు కూడా వచ్చారు. విచిత్రమేమిటంటే అందరి కళ్లూ ముందు పడింది ఆ చేతిరాత పేర్ల మీదే. "ఈమెవరు? డాక్టరమ్మా? పశువుల డాక్టరా?" అని తాతను అడిగి, ఒకరికొకరు చెప్పుకుని, ఆ తర్వాతే తలెత్తి శనిని చూశారు. శని కింద భక్తవత్సలం కాపలా నిలబడి, సోలాంజ్ ట్రెగాన్ అని ఎట్లా పలకాలో వచ్చినవాళ్లందరి చేతా చెప్పిస్తున్నాడు. పలకనివాళ్లను కదలనివ్వడం లేదు. రఘునాథన్ అయితే ప్రారంభోపన్యాసంలో శాస్త్రం గురించి రాసుకొచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, గోడ మీది పేర్లన్నీ వరసగా చదివారు. ఒకటి రెండు తడబడ్డారు. తాత కిందినుంచే దిద్దాడు.

లోకేశ్వరి సోలాంజ్ కోసం ఫోటో తీసింది: శని, శని కింద పేరు, పక్కన పిల్లల గుంపు. ఇంక ఒళ్లు తేలికైపోయి ఒక కుర్చీలో కూలబడింది.

జనం పలచబడుతున్న వేళ ఒకామె తలుపు దగ్గర నిలబడి లోపలికి రావాలా వద్దా అన్నట్టు చూస్తోంది. ముప్ఫై ఏళ్లుంటాయి, చేతిలో మడిచిన గొడుగు, చంకలో ప్లాస్టిక్ కవరు. తన పేరు హేమమాలిని అంది. కిరుమాంబాక్కంలో, కడలూరు రోడ్డు మీద వాళ్లకు విత్తనాల అంగడి ఉందట.

"ఇక్కడ తీసినోళ్ల పేర్లు రాసి పెట్టినారని మా అన్న చెప్పినాడు. నిజంగానే పెట్టినారు" అంది, గోడ వైపు చూస్తూ. "అందుకే వచ్చినా. ఊరికే చూసిపోదామని."

"ఆ కవర్లో ఏంది?" అంది మీనాంబాళ్. ఆమెకు అడగడానికి మొహమాటం లేదు.

హేమమాలిని కవరు విప్పింది. స్టూడియోలో వేయించిన చిన్న ఫోటో ఒకటి. గురుగ్రహం. గోధుమరంగు పట్టీలు, వాటి మీద చుక్కంత నల్లటి నీడ, గురుడి చందమామది.

లోకేశ్వరి లేచి నిలబడింది. "ఇది ఎవరు తీశారు?"

"నేనే. అంగడి మేడ మీద టెలిస్కోపు పెట్టి, దానికి కంప్యూటరు కెమెరా తగిలించి. వీడియో తీసి, అందులో గాలి నిలకడగా ఉన్న క్షణాలు మాత్రం ఏరి, ఒకదాని మీద ఒకటి పేర్చినా. ఎవరికీ చూపించలా. ఇంట్లో ఇదేం పిచ్చి అంటారు."

లోకేశ్వరికి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, కేక కూడా వచ్చింది. కేకే ముందొచ్చింది. ఆ కేకకు హాలు అవతల కుర్చీలు మడుస్తున్న రఘునాథన్ పరుగెత్తుకొచ్చారు. "పిల్లకేమైంది?"

"పిల్లకేం కాలేదు సార్! గోడ మీద చోటు కావాలి! ఆస్ట్రేలియా గురుడి పక్కన!"

"ఇంక మూసే వేళయిందమ్మా..."

"సాయంత్రం దాకా తెరిచి ఉంచుదాం సార్."

రఘునాథన్ ఆ చిన్న ఫోటోను వెలుతురు వైపు పట్టుకుని చూశారు. చాలాసేపు చూసి, గమ్ము సీసా కోసం వెళ్లారు.

భక్తవత్సలం చార్టు ముక్క తీసి, కలం మూత విప్పి, "పేరు చెప్పమ్మా" అన్నాడు. లోకేశ్వరి ఆయన చేతిలోని కలం తీసుకుని హేమమాలినికి ఇచ్చింది.

"మీరే రాయండి. మీరెట్లా రాసుకుంటారో అట్లా."

హేమమాలిని కాగితం మీదికి ఒంగి ఆగిపోయింది. నాన్న అక్షరమా, భర్త అక్షరమా? కలం గాల్లో కాసేపు అటూ ఇటూ ఊగింది. తర్వాత పెదవి కొరుక్కుని, గబగబా రాసేసి, సిగ్గుగా ఇటు తిప్పింది.

హేమమాలిని, కిరుమాంబాక్కం.

"ఇట్లా ఉండొచ్చా?" అంది.

లోకేశ్వరి అప్పటికే దాని వెనక గమ్ము పూస్తోంది.